ఉద్వాసన చెప్పని పుస్తకాలు

పుస్తకాలకు బొట్టు ఎవరు పెట్టారని అడిగారు, కరీంనగర్ కాలేజీ నుంచి వచ్చిన లెక్చరరు గారు.

దేవుడి అర్ర గడప బయటే నిలబడి అడిగారు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచారు గానీ గడప దాటలేదు. పీట మీద లావుపాటి పుస్తకాలు పేర్చి ఉన్నాయి. ప్రతి అట్టకూ పసుపు, దాని మీద కుంకుమ. అన్నిటికీ పైన ఎర్ర అట్ట పుస్తకం, దాని మీద ఆ పొద్దు పెట్టిన మందార పువ్వు. ఆయన మెడ పక్కకు వంచి అక్షరాలు కూడబలుక్కుని, "ఇవి జర్మన్ పుస్తకాలమ్మా" అన్నారు, నాకు తెలియని సంగతి చెబుతున్నట్టు. హైదరాబాదులో ఉన్నప్పుడు ఆ భాష నేర్చుకున్నారట. ఈ జిల్లాలో ఇటువంటి పుస్తకాలు ఉన్నాయంటే నమ్మలేక చూడటానికి వచ్చారట.

ఆయన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "దసరా నాడు రండి, అన్నీ మీ కాలేజీకే ఇస్తాను. దానికి ముందు వాటిని ముట్టుకోవద్దు" అని మాత్రం అన్నాను. ఆయన వెళ్ళాక దీపం ముందు కూర్చుంటే మామ వచ్చి, తన అలవాటు ప్రకారం తలుపుకు ఎదురుగా, స్తంభానికి ఆనుకుని కూర్చున్నట్టే అనిపించింది. మొన్నటి మాఘంలో మామ చనిపోయాడు. ఆ లెక్చరరు గారికి చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఊళ్ళో అందరికీ ఆయన జర్మన్ సేటు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, పెదనాన్న కొడుకు, నాకు మామ. సుల్తానాబాదులో మాది నూలు దుకాణం. ముందు అరుగు మీద దుకాణం, నడుమ ఇల్లు, వెనక వాకిట్లో మామ గది. వయసులో ఉన్నప్పుడు అద్దకపు రంగుల పని నేర్చుకు రమ్మని పెద్దలు ఆయన్ని జర్మనీకి పంపారు. ఆయన తిరిగి వచ్చినప్పుడు పెట్టెల్లో రంగులు లేవు, పుస్తకాలున్నాయి. ఆ దేశపు రాజుల చరిత్ర, వాళ్ళ మతం, కవిత్వం, అక్కడి కూలినాలి జనం బతుకు. "రంగులు తెమ్మంటే రాతలు తెచ్చిండు" అని మా బాపు చివరిదాకా ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. మామకు కోపం వచ్చేది కాదు. "రంగు వెలిసిపోతది బావా" అనేవాడు మెల్లగా.

మామ చేసే పని ఏదైనా మెల్లగానే. పుస్తకం తీసే ముందు చేతులు కడుక్కుని, ధోవతి అంచుకు తుడుచుకుని, పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. తర్వాత ఒకసారి తలుపు వైపు చూసేవాడు. ఆయన ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు, ముఖం తలుపుకు ఉండాల్సిందే. చెప్పులు కూడా బయటికి నడిచిపోతున్నట్టు తిప్పి విడిచేవాడు. పెళ్ళిపందిట్లో కూడా అంతే. "ఈ మనిషి యాడికన్న ఉరికేటట్టున్నడు" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

నేను బడికి పోలేదు. ఓనమాలు బాపు దుకాణంలో దిద్దించాడు. చదవడం మామ నేర్పాడు. నేను గట్టిగా చదువుతుంటే వేలు నా పెదవుల మీద పెట్టేవాడు.

"పెదవులు కదలొద్దు బిడ్డా. కండ్లతోని చదువు."

"ఎందుకు మామా?"

"నువ్వేం చదువుతున్నవో నీకెర్కైతే చాలు."

ఇప్పటికీ పొద్దున స్తోత్రం చదువుకుంటే నా పెదవులు కదలవు. మా అత్తగారు చాలా రోజులు నాకు భక్తి లేదనుకున్నారు.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది జీపు చప్పుడు దగ్గర మామ చేసే పని. పోలీసు చర్య అయిపోయి, కమ్యూనిస్టుల కోసం వెతుకుతూ ఊరవతల పోలీసుల క్యాంపు పడ్డ రోజులవి. ఆ జీపు ఎప్పుడు వస్తుందో, ఎవరి ఇంటి ముందు ఆగుతుందో తెలిసేది కాదు. మామ ఏదో చెబుతూ ఉంటాడు. దూరంగా జీపు వినిపిస్తుంది, నాకింకా వినిపించక ముందే ఆయనకు వినిపిస్తుంది. మాట నడుమ ఆగిపోతాడు. నోరు సగం తెరిచే ఉంటుంది, చెయ్యి గాలిలోనే ఉంటుంది. జీపు వచ్చి, మా ఇల్లు దాటి, మలుపు తిరిగి, చప్పుడు అణిగాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటాడు. "రా..." అని ఆగితే "...జు" అని మొదలుపెడతాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత నేను కూడా ఆయనతో పాటు ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నాను.

ఇంత భయస్థుడు కథలు చెప్పకుండా ఉండలేకపోయేవాడు. నూలు కోసం వచ్చిన సాలెవాళ్ళు అరుగు మీద కూర్చుని బాపు తూకం కోసం ఎదురు చూస్తుంటే మామ మెల్లగా వచ్చి స్తంభం దగ్గర చేరేవాడు. ఒకసారి రాజును, పెద్ద గురువును ఎదిరించి, దేవుడి మాట జనం భాషలో రాసిన సన్యాసి కథ చెప్పాడు. ఏ కథైనా ముందు జర్మన్‌లో ఒక వాక్యం అనేవాడు. గొంతులో చేపముల్లు దిగినట్టుండేది ఆ ధ్వని. అందరూ నవ్వేవాళ్ళు. అప్పుడు తెలుగులో చెప్పేవాడు. ఆ సన్యాసి గురించి విన్న రోజున అవ్వ, "మంచి పని చేసిండు అన్నా, ఆయన తల్లి కడుపు చల్లగుండ" అని పరాయి దేశపు సన్యాసికి అక్కడినుంచే దండం పెట్టింది.

అన్నిటికంటే సాలెవాళ్ళకు నచ్చింది సాలెవాళ్ళ కథే. ఎర్ర అట్ట పుస్తకంలోది. చలి దేశంలో, కొండల కింద ఊళ్ళలో, ఇంటిల్లిపాదీ మగ్గం మీద కూర్చున్నా కడుపు నిండని నేతగాళ్ళు. వాళ్ళు నేసిన బట్టకు ప్రతిసారీ ఏదో వంక పెట్టి కూలి తగ్గించే షావుకారు. మామ చెబుతుంటే రాజేశం అనే సాలెమనిషి మోకాళ్ళు కావలించుకుని కదలకుండా వినేవాడు.

"గట్లైతే ఆడ గూడ మనసొంటోళ్ళే ఉన్నరు సేటూ" అన్నాడొకసారి.

"ఆడ గూడ ఉన్నరు."

"ఆ షావుకారి తూకం గూడ మా షావుకారి లెక్కనేనా?"

అందరూ బాపు వైపు చూసి నవ్వారు. బాపు తక్కెడ కింద పెట్టాడు. "బావా, నా అరుగు మీద కూసోని షావుకారి ఇల్లు కూలగొట్టేటట్టున్న కథ చెప్తున్నవు. జర మా ఇంటి దూలాలు గట్టిగున్నయా లేదా చూసుకొని చెప్పు" అన్నాడు. ఆయనా నవ్వుతూనే అన్నాడు గానీ, నవ్వు కళ్ళ దాకా రాలేదు.

ఆ రోజు కథ అసలు పట్టుకు వచ్చింది. నేతగాళ్ళంతా గుమిగూడి షావుకారు ఇంటి ముందుకు వచ్చారు. ముసలివాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారు. కాళ్ళకు చెప్పులు లేవు. ముందున్న మనిషి తలుపు మీద చెయ్యి పెట్టాడు. "తలుపు మీద చెయ్యి పెట్టి..." అని మామ ఆగిపోయాడు.

జీపు వస్తోంది. మా ఇంటి ముందుకు వచ్చి కాస్త నెమ్మదించింది. లోపలున్న వాళ్ళు అరుగు మీద గుంపును చూశారు. ఆగలేదు, వెళ్ళిపోయింది. చప్పుడు అణిగిపోయింది. అందరం మామ నోటి వైపు చూశాం.

మామ నోరు మూసుకున్నాడు. లేచి, తలుపు వైపు తిప్పి విడిచిన చెప్పులు తొడుక్కుని వెనక గదికి పోయాడు.

"తర్వాత ఏమైంది సేటూ?" అని రాజేశం అడిగితే వినిపించుకోలేదు. ఆగిన మాట దగ్గర మళ్ళీ మొదలుపెట్టకపోవడం నేను చూసిన మొదటిసారి అదే.

దసరా వచ్చింది. సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు, నవమి పొద్దున్నే రాజేశం వెనక దారిన వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"క్యాంపుల వంట చేసే మా తోడల్లుడు చెప్పిండు సేటూ. జర్మన్ సేటు కాడ ఎర్ర పుస్తకాలున్నయట, సాలోళ్ళను పోగుచేసి సర్కారు మీదికి ఉసిగొల్పుతున్నడట, గట్ల అనుకుంటున్నరట. ఇయ్యాల వస్తరు."

ఆ రోజుల్లో క్యాంపుకు తీసుకుపోయిన మనిషి ఎట్లా తిరిగి వస్తాడో, వస్తాడో రాడో, మా ఊళ్ళో అందరికీ తెలుసు. మామ వాకిట్లో అట్లాగే కూలబడ్డాడు.

"కాలవెట్టుదాం" అన్నాడు బాపు. "నీళ్ళ పొయ్యి మండుతనే ఉన్నది. అందుల వేస్తే అయిపాయె."

మామ బాపు ముఖం వైపు చూశాడంతే. ఆ చూపు నాకు తెలుసు. ప్రతి ఏడూ కాముడు కాల్చే రోజున ఆయన ముఖం అట్లాగే ఉండేది. పిల్లలు పాటలు పాడుకుంటూ కట్టెల కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే మామ గది తలుపు గడియ పెట్టుకునేవాడు. ఎందుకు మామా అని ఒకసారి తలుపు సందులోంచి అడిగాను. "నేను అక్కడ చదువుకునేటప్పుడు బజార్ల పుస్తకాలు కుప్పవోసి మంట వెట్టిండ్రు బిడ్డా. కాల్చినోళ్ళు చదువురానోళ్ళు గాదు. నా పక్క బల్ల మీద కూసునేటోళ్ళే. పాటలు వాడుకుంట కాల్చిండ్రు" అన్నాడు. తలుపు మాత్రం తీయలేదు.

అవ్వ అప్పటికే స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని పూజకు పూలు సర్దుతోంది. పొయ్యి దగ్గరికి వచ్చి బాపుకు, పొయ్యికి నడుమ నిలబడింది.

"ఇయ్యాల నవమి" అంది. "మన ఇంట్ల పుస్తకాలన్ని పూజలకు పోయే దినం. దుకాణం లెక్కల పుస్తకాలు పోతయి, పురాణం పోతది. అన్నయ్యవి గూడ పుస్తకాలే గద. తీసుకరాండ్రి."

నేను, అవ్వ, రాజేశం మోసుకొచ్చాం. అవ్వ పీట మీద వరసగా పేర్చింది, పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఆ అక్షరాలు ఆమెకు తెలియవు. ఏది దేనిమీద పెట్టాలో రంగు చూసి పెట్టింది. నల్ల అట్టవి, బూడిద రంగువి కింద. ఎరుపు అమ్మవారికి ఇష్టమని, శుభమని, ఎర్ర అట్ట పుస్తకాన్ని అన్నిటికీ పైన, అమ్మవారి పటం ముందు, అందరికీ కనిపించేలా పెట్టింది. బతుకమ్మకు తెచ్చి మిగిలిన తంగేడు పూలు చుట్టూ పోసింది.

మామ వచ్చి గడప దగ్గర నిలబడి చూశాడు. "చెల్లే, ఆ ఎర్రది..." అన్నాడు. మాట ఆగిపోయింది. జీపు వస్తోంది. ఈసారి మలుపు దాకా పోలేదు.

బూట్ల చప్పుడు అరుగు ఎక్కింది, మామ గదికి పోయింది, ఖాళీ పెట్టెలు బోర్లించింది, వాకిలి దాటి దేవుడి అర్ర దాకా వచ్చింది. ముందున్న అధికారి దక్షిణాది మనిషి, పొడుగ్గా నల్లగా ఉన్నాడు. మన మాట వచ్చీ రానట్టు మాట్లాడాడు. వెనక మన వైపు జవాను. ఆ జవాను గడపలోంచి వేలు చూపించాడు. "గదే సార్. ఎర్ర బుక్కు."

అవ్వ హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

అధికారి ఎర్ర పుస్తకాన్ని చూశాడు, కుంకుమ చూశాడు, పూలు చూశాడు. కిందికి వంగి బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఆ తాళ్ళు ఎంతసేపు విప్పాడో. వట్టి కాళ్ళతో గడప దాటి లోపలికి వచ్చాడు.

"మా ఊర్లో కూడా పెడతారు" అన్నాడు. "పుస్తకాలు పూజలో పెడితే ముట్టరు. చదవరు. చిన్నప్పుడు ఈ రోజు మాకు సంతోషం, చదువు లేదు."

అవ్వ హారతి ముందుకు పట్టింది. ఆయన కళ్ళకద్దుకున్నాడు.

"ఎప్పుడు తీస్తారు?"

"రేపు ఉద్వాసన సార్" అంది అవ్వ. నిజమే చెప్పింది. అబద్ధం ఆమె నోట రాదు.

"రేపు వస్తాను" అని బయటికి వెళ్ళి, బూట్లు తొడుక్కుని, జీపు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. బాపు అటూ ఇటూ తిరిగాడు. "నదిల పారేద్దాం. మూట గట్టి మానేరుల పడేస్తే నీళ్ళే తీసుకపోతయి" అన్నాడు. "జీపు ఊరి చుట్టు తిరుగుతుండంగ మూటెట్ల మోస్తవు" అని తనే అన్నాడు. మామ స్తంభానికి ఆనుకుని తలుపు వైపు చూస్తూ ఉన్నాడు.

"నేనే క్యాంపుకు పోత బావా" అన్నాడు చివరికి. "పుస్తకాలకు ఏం గాకుంటె సాలు."

"నువ్వు పోతే పుస్తకాలను విడిచిపెడ్తరా అన్నా?" అంది అవ్వ. చేటలో బియ్యం ఏరుతోంది. ఏరుతూనే, తల ఎత్తకుండా, "నేను ఉద్వాసన చెప్పను" అంది.

బాపు ఆగిపోయాడు. "ఏందే?"

"రేపు పూజ జేస్త, నైవేద్యం వెడ్త. ఉద్వాసన మాత్రం చెప్పను. చెప్పకపోతే అమ్మ పీట మీద కూసునే ఉంటది. అమ్మ కూసున్నన్ని దినాలు పుస్తకాలు ఎవలు ముట్టరాదు."

"అట్ల చేస్తే రోజు నైవేద్యం వెట్టాలె. ఒక్కపూట తప్పినా పాపం. ఎన్నొద్దులు పెడ్తవే?"

"నేను ఉన్నన్నొద్దులు" అంది అవ్వ. చేట పక్కన పెట్టి రేపటికి బియ్యం కొలుచుకుంది.

దశమి పొద్దున అధికారి చెప్పినట్టే వచ్చాడు. ఈసారి వాకిట్లోనే బూట్లు విప్పాడు. అవ్వ పూజ చేస్తుంటే చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు. అమ్మవారిని సాగనంపే మాట కోసమే ఎదురు చూస్తున్నాడని మాకందరికీ తెలుసు. అవ్వ హారతి ఇచ్చింది. ప్రసాదం తీసింది. అంతే, లేచి నిలబడింది.

"ఉద్వాసన?" అన్నాడు.

"కాలే సార్."

"ఎప్పుడు?"

"అమ్మ లేస్తనన్నప్పుడు."

ఆయన అవ్వ ముఖం చూశాడు. అవ్వ కూడా తల దించుకోలేదు. తర్వాత ఆయన చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఎర్ర పుస్తకం మీదికే పోతోందని మామ కళ్ళు మూసుకున్నాడు. ఆ చెయ్యి అవ్వ ముందు ఆగి, బోర్లించిన అరచెయ్యి తిరగబడి, తీర్థం కోసం దొప్ప అయింది.

తీర్థం తాగి, తడి చెయ్యి తలకు రాసుకుని, మామ వైపు తిరిగాడు. "ఈ పుస్తకాలు మీవి?"

"నావే సార్."

"పూజ ఉన్నంతవరకు చదవకూడదు. ఎవరికీ చెప్పకూడదు. పూజ తీసిన రోజు నాకు చెప్పాలి." మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనమే మామ ఒంట్లోకి మేకులా దిగింది.

ఆ అధికారి పేరు నాకు తెలియదు. ఎక్కడున్నా ఆయన ఇంట్లో దీపం ఆరకుండా ఉండాలని రోజూ నరసింహస్వామికి మొక్కుకుంటాను. మా మామను తీసుకుపోగలిగి కూడా తీసుకుపోలేదు. తాను కట్టిన ముడి తనకు తెలియకపోవచ్చు. ఆయన కొద్ది రోజులకే బదిలీ అయిపోయాడు. ముడి మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి అవ్వ ఏ ఊరికీ రాత్రి ఉండటానికి పోలేదు. నా పెళ్ళిలో కూడా పందిట్లోంచి లేచి వచ్చి నైవేద్యం పెట్టిపోయింది. మామ, ఎన్నడూ గుడికి పోని మామ, రోజూ పొద్దున వచ్చి ఆ పుస్తకాల ముందు కూర్చునేవాడు. చూసినవాళ్ళు ముసలితనంలో భక్తి కుదిరిందనుకున్నారు. ఆయన చూసేది అమ్మవారిని కాదు. అట్టల మీద పసుపు కింద సగం కనిపించే అక్షరాలను. చూస్తూ చూస్తూ కుడిచేతి వేలితో మోకాలి మీద పంచె అంచును మెల్లగా ఎత్తి పక్కకు వేసేవాడు. పేజీ తిప్పడం అది. పెదవులు కదిలేవి కావు.

సాలెవాళ్ళ కథ మళ్ళీ చెప్పలేదు. రాజేశం నూలు కోసం వచ్చినప్పుడల్లా అడిగేవాడు. "తలుపు మీద చెయ్యి వెట్టిండు సేటూ, ఇంక దియ్యలే. చెయ్యి నొస్తలేదా మనిషికి?" మామ చిన్నగా నవ్వి, రోడ్డు వైపు చూసేవాడు. రాజేశం పోయాడు, కథ చివర వినకుండానే.

క్యాంపు ఎత్తేశారు. ఓట్లు వచ్చాయి. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. క్యాంపు ఉన్న చోట వడ్లు ఆరబోస్తున్నారు. ఒకరోజు అవ్వ అడిగింది.

"అన్నా, ఇగ ఉద్వాసన చెప్పుదునా? చదువుకుందువు. ఆయన ఎప్పుడో పోయిండు గద."

"ఆయన పోయిండు చెల్లే. ఆయన జాగల ఇంకొకాయన వచ్చిండు గద. నీకు బరువైతున్నదా?"

"నాకేం బరువు. పిడికెడు బియ్యమే గద."

"అట్లైతే ఉండనీ."

అవ్వ పోయాక నైవేద్యం నా వంతు అయింది. నేను అదే వీధిలో మెట్టినింట్లో ఉండటం దేవుడి దయ. ఒక్కపూట కూడా తప్పలేదు, అది కూడా ఆయన దయే. పిల్లల పురిటప్పుడు మామ తనే అన్నం వండి, వణికే చేతులతో తెచ్చి పీట ముందు పెట్టాడు. మాడిన అన్నం. అమ్మ ఏమీ అనలేదు.

మాఘంలో మామ మంచాన పడ్డాడు. మంచాన్ని కూడా తలుపుకు ఎదురుగా వేయించుకున్నాడు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, ఆ ఎర్ర అట్టది జర తెస్తవా. వాసన చూస్త."

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగలేదు. "ఇప్పుడే ఉద్వాసన చెప్పి తెస్త మామా" అని లేచాను. అక్షింతలు చేతిలోకి తీసుకున్నాను కూడా. వెనక నుంచి పిలిచాడు.

"బయట ఎవలన్న ఉన్నరా?"

"ఎవలు లేరు మామా."

"జీపు?"

"లేదు మామా. వీధిల ఎడ్లబండి గూడ లేదు."

చాలాసేపు విన్నాడు. నేను కూడా విన్నాను. నిజంగానే ఏమీ లేదు. ఏమీ లేకపోవడాన్ని ఆయన నమ్మలేకపోయాడు.

"ఎందుకైనా మంచిది, రేపు చూద్దాంలే" అన్నాడు.

ఆ రేపు ఆయనకు రాలేదు. అక్షింతలు నా పిడికిట్లోనే ఉండిపోయాయి. అవే ఆయన పాదాల మీద వేశాను.

నిన్న దసరా. లెక్చరరు గారు పొద్దున్నే వచ్చారు. ఆయన గడప బయట నిలబడి ఉండగా, అవ్వ చెప్పని మాట నేను చెప్పాను. అమ్మా, ఇన్నేళ్ళు మా ఇంట కూర్చున్నావు, మమ్మల్ని కాచావు, ఇక నీ చోటికి నువ్వు వెళ్ళు అని మనసులో అనుకుని, అక్షింతలు వేసి, పీటను ఉత్తరానికి కాస్త జరిపాను. తప్పు చేస్తున్నానా అనిపించింది. ఎవరికైనా చెప్పి చేయవలసిన పనేమో అనిపించింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఎర్ర అట్ట పుస్తకాన్ని కొంగుతో తుడిచి ఆయనకు ఇచ్చాను. "అన్నీ తీసుకుపొండి. నాకు ఒక్కటే కావాలి. ఇందులో నేతగాళ్ళ కథ ఉంది. వాళ్ళు షావుకారు ఇంటి ముందుకు వచ్చారు, ఒక మనిషి తలుపు మీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఏమైందో చదివి చెప్పండి" అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయి, అరుగు మీద, వీధికి వీపు పెట్టి కూర్చున్నారు. పేజీలు తిప్పి ఆ చోటు పట్టుకున్నారు. వేలు పెట్టి, ముందు ఆ భాషలో గట్టిగా చదివారు. గొంతులో చేపముల్లు దిగిన అదే ధ్వని. ఇన్నేళ్ళ తర్వాత విన్నాను. తర్వాత తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

"తలుపు తెరుచుకోలేదు. వాళ్ళు రాళ్ళు విసిరారు, కిటికీలు పగిలాయి. షావుకారు వెనక దారిన పారిపోయాడు. మర్నాడు పట్టణం నుంచి సైనికులు వచ్చారు. బారుగా నిలబడ్డారు..."

మామ ఆ రోజు ఎందుకు లేచి వెళ్ళిపోయాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు తర్వాతి మాట తెలుసు. అరుగు మీద రాజేశం ముఖం చూస్తూ, రోడ్డు మీద జీపు పోయిన దుమ్ము ఇంకా అణగకముందు, ఆ మాట చెప్పలేకపోయాడు.

అప్పుడే వినిపించింది. దూరంగా జీపు. ఆ మలుపు నుంచే వస్తోంది. నా చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఊపిరి బిగుసుకుంది. లెక్చరరు గారి నోటి వైపు చూశాను, ఆగిపొమ్మని, ఆ మాట మింగేయమని.

"తుపాకులు పేల్చారు" అని ఆయన చదివారు. జీపు మా ఇంటి ముందుకు వచ్చింది. "పడిపోయిన వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. అయినా మిగతా వాళ్ళు వెంటనే వెళ్ళిపోలేదు..." జీపు దాటిపోయింది, చప్పుడు అణిగింది. ఆయన తల ఎత్తలేదు, వెనక్కి తిరిగి చూడలేదు, పెదవులు కదులుతూనే ఉన్నాయి. జీపు వస్తే ఆగాలని ఆయనకు తెలియదు.

ఆయనకు ఆ తెలియకపోవడాన్ని ఇచ్చినందుకు, ఖాళీ అయిన పీట వైపు తిరిగి దండం పెట్టుకున్నాను.